అద్దం వంకరగా ఎక్కుతుంటే ముందే మోటారు కొనకండి

ప్రశ్న: మా కారుకు తొమ్మిదేళ్లు నిండాయి. డ్రైవరు పక్క సీటు వైపు తలుపు అద్దం కొన్ని నెలలుగా ఇబ్బంది పెడుతోంది. కిందికి బాగానే దిగుతుంది. పైకి వచ్చేటప్పుడు మాత్రం ముందు మూల తొందరగా లేస్తుంది, వెనుక మూల వెనకబడుతుంది. సగం దాటాక మరీ నెమ్మదించి, ఒక్కోసారి అక్కడే నిలిచిపోతుంది. వెనుక మూలను అరచేతులతో పట్టి ఎత్తితే మిగతా దూరం వెళుతుంది. ఇంట్లో ఉన్న ఇంజిన్ ఆయిల్ రబ్బరు గాడిలో వేస్తే కొన్ని రోజులు హాయిగా నడిచింది, తర్వాత మునుపటికంటే బిగుసుకుంది. మెకానిక్‌కు చూపిస్తే మోటారు బలహీనపడిందని, మార్చాలని అన్నారు. నిజంగా మోటారేనా? పనిముట్లు పట్టడం కాస్త అలవాటే. ఈ పని నేనే చేసుకోగలనా?

సమాధానం: జవాబు చాలావరకు మీ ఉత్తరంలోనే ఉంది. మోటారు అద్దాన్ని లాగగలుగుతుంది, లేదా లాగలేకపోతుంది. ఒక మూలను ఎక్కువగా, ఇంకో మూలను తక్కువగా లాగడం దాని చేతిలో లేని పని. బలహీనపడిన మోటారు అద్దాన్ని నెమ్మదిగా ఎత్తుతుంది, కానీ సమంగానే ఎత్తుతుంది. మీ అద్దం ఒరుగుతోంది. పైగా వెనుక మూలకు మీరు చెయ్యి అందించగానే అదే మోటారు మిగతా పని పూర్తి చేస్తోంది. అంటే దానికి ఇంకా శక్తి ఉంది, మోయలేనంత భారం దాని మీద పడుతోంది. ఆ భారం ఎక్కడినుంచి వస్తోందో చూడకుండా కొత్త మోటారు వేయించారనుకోండి. కొత్తదానికి బలం ఎక్కువ కనుక కొంతకాలం అద్దాన్ని ఆ వంకరతోనే ఈడ్చుకుపోతుంది. ఈలోగా అరిగిన ప్లాస్టిక్ ముక్క విరుగుతుంది, లేదా కేబుల్ పోగులు తెగుతాయి. ఒక రోజు అద్దం తలుపులోకి జారిపోతుంది. అప్పుడు మీరు మళ్లీ అదే తలుపు విప్పించాలి.

తలుపు లోపల ఏముంటుందో ముందు చూద్దాం. అద్దం ముందు, వెనుక అంచుల వెంట రబ్బరు గాడులు ఉంటాయి. వాటి లోపలి ముఖానికి సన్నని నూగు అంటించి ఉంటుంది. అద్దం జారేది ఆ నూగు మీదే. అడుగు అంచును పట్టుకుని పైకీ కిందికీ నడిపే యంత్రాంగం పేరు రెగ్యులేటర్. ఇది ప్రధానంగా రెండు రకాలు. ఈ మధ్యకాలపు కార్లలో ఎక్కువగా కేబుల్ రకం కనిపిస్తుంది: మోటారు ఒక చిన్న డ్రమ్మును తిప్పుతుంది, డ్రమ్ముకు చుట్టిన ఉక్కు తీగ పుల్లీల మీదుగా వెళ్లి, నిలువు పట్టా మీద కదిలే ప్లాస్టిక్ స్లైడర్‌ను లాగుతుంది. అద్దం ఆ స్లైడర్‌కు బిగించి ఉంటుంది. కొన్ని తలుపుల్లో పట్టా ఒకటే, కొన్నింటిలో రెండు. రెండో రకం కత్తెరలా ఒకదాన్నొకటి దాటుకునే ఇనుప చేతులది. పాత కార్లలో, బరువైన తలుపుల్లో ఇది ఉంటుంది.

ఒకే పట్టా ఉన్న తలుపులో అద్దాన్ని పట్టుకునే చోటు కింద ఎక్కడో మధ్యలో ఒక్కటే. వెడల్పాటి సొరుగును ఒక పక్క పిడి పట్టుకుని లాగితే ఎలా మూలవాటంగా ఇరుక్కుంటుందో, ఇదీ అంతే. ఒక గాడిలో రాపిడి పెరిగితే అటువైపు అంచు వెనకబడుతుంది. వెనకబడితే అద్దం గాడిలో ఏటవాలుగా నిలుస్తుంది. ఏటవాలుగా నిలిస్తే రాపిడి ఇంకా పెరుగుతుంది. సాధారణంగా ముందు తలుపులో వెనుక అంచు నడిచే గాడి పొడవుగా, నిటారుగా ఉంటుంది. ముందు అంచు గాడి అంతకంటే పొట్టిది. అందుకే మురికి పేరుకున్నా, రబ్బరు ఎండిపోయినా చాలాసార్లు మొదట వెనకబడేది వెనుక మూల. మీరు రాసిన లక్షణం అదే. కిందికి దిగేటప్పుడు అద్దం బరువు మోటారుకు తోడవుతుంది కనుక రోగం బయటపడదు.

ఇక ఆ ఇంజిన్ ఆయిల్ సంగతి. వేసిన రోజున ఏ నూనె అయినా పనిచేస్తుంది, చిక్కు అక్కడే. పెట్రోలియం నూనెకు తలుపు రబ్బరు మెత్తబడి ఉబ్బవచ్చు. ఉబ్బిన గాడి అద్దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. తడిగా ఉన్న నూగు మీద దుమ్ము వాలి పేస్టులా తయారవుతుంది. వంటనూనె, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రేలు కూడా ఈ గాడిలోకి వెళ్లకూడదు. మీరు వేసిన నూనెను పూర్తిగా తుడిచి తీయడమే మీ మొదటి పని. రబ్బరు పట్టుకుంటే ఒక్క వెనుక గాడే మెత్తగా, లావుగా అనిపిస్తే దాన్ని మార్చాల్సి రావచ్చు. ఆ రబ్బరు విడిగా దొరుకుతుంది, లోహపు గాడిలోంచి చేత్తో లాగి తీసి కొత్తది నొక్కి అమర్చడమే. కొత్త మోటారుతో పోలిస్తే అది చిన్న ఖర్చు.

తలుపు విప్పే ముందు సీట్లో కూర్చునే తెలుసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇంజిన్ ఆపి అద్దాన్ని నడపండి, తర్వాత ఇంజిన్ నడుస్తుండగా నడపండి. ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 12.6 వోల్టులు ఉంటే, ఇంజిన్ నడుస్తున్నప్పుడు చాలా కార్లలో 13.5 నుంచి 14.5 వరకు ఉంటాయి. రెండింటికీ కాస్త తేడా సహజం. తేడా మరీ ఎక్కువగా ఉంటే, లేదా నాలుగు అద్దాలూ నీరసంగా ఉంటే, తలుపును వదిలి బ్యాటరీని, దాని టెర్మినళ్లను చూడండి. ఒక్క అద్దమే మొరాయిస్తుంటే అదే అద్దాన్ని డ్రైవరు దగ్గరి స్విచ్చుతోనూ, ఆ తలుపు మీది స్విచ్చుతోనూ నడిపి చూడండి. ఒకదానితో చురుగ్గా, ఇంకోదానితో మందంగా కదిలితే స్విచ్చు లోపలి కాంటాక్టులు కాలి ఉన్నట్టు. రాత్రిపూట లోపలి దీపం వెలిగించి, అద్దం ఆగిపోయిన చోట స్విచ్చు నొక్కి ఒక్క క్షణం గమనించండి. దీపం కాస్త మసకబారితే కరెంటు మోటారు దాకా వెళుతోంది, కానీ అద్దం ఎక్కడో ఇరుక్కుంది. దీపంలో ఏ మార్పూ లేకపోతే కరెంటే సరిగా అందడం లేదని అనుమానించవచ్చు. కొత్త కార్ల ఎల్‌ఈడీ దీపాలు మసకబారకపోవచ్చు కనుక ఈ పరీక్షను పాత బల్బులున్న కార్లకే నమ్మండి. ఇరుక్కున్న అద్దం మీద స్విచ్చును అదేపనిగా నొక్కి ఉంచకండి. చాలా మోటార్లలో వేడెక్కితే కరెంటు తెంచే రక్షణ ఉంటుంది. కాసేపు పూర్తిగా చచ్చిపోయి, చల్లారాక మళ్లీ పనిచేసే అద్దం కథ సాధారణంగా ఇదే.

తర్వాత అద్దాన్ని సగానికి దింపి, రెండు అరచేతులూ లోపలా బయటా ఆనించి, ముందుకూ వెనక్కీ ఊపండి. కొద్దిగా ఆడటం మామూలే. ఒక మూల స్వేచ్ఛగా పైకీ కిందికీ ఊగుతూ లోపల టకటకమంటే స్లైడర్ విరిగింది, లేదా అద్దాన్ని పట్టుకున్న బోల్టు వదులైంది. అద్దాన్ని కిందికి నొక్కి కూడా చూడండి. మోటారులో ఉండే వర్మ్ గేరు (మోటారు తిప్పితే తిరుగుతుంది, అద్దం వైపు నుంచి నెడితే తిరగదు) వల్ల అద్దం చేతి బలానికి దిగకూడదు. దిగిందంటే మోటారుకూ అద్దానికీ మధ్య ఏదో తెగింది. నడుస్తున్నప్పుడు కరకరమని, తీగ నలిగినట్టు శబ్దం వస్తే కేబుల్ పోగులు విడిపోతున్నాయని అర్థం. అలాంటప్పుడు అద్దాన్ని పైకి చేర్చి, బాగు చేసేదాకా ఆ స్విచ్చు ముట్టకండి. తెగిన పోగులు డ్రమ్ములో చిక్కుకుంటే అద్దం ఏ స్థితిలో ఉంటే అక్కడే బిగుసుకుపోతుంది, అది తెరిచి ఉన్న స్థితి అయితే వానకు మీదే బాధ్యత.

మీ విషయంలో అలాంటి శబ్దం గురించి రాయలేదు కాబట్టి, గాడి శుభ్రంతో మొదలుపెట్టండి. తలుపు విప్పనక్కరలేదు. అద్దాన్ని పూర్తిగా దించండి. పలుచని ప్లాస్టిక్ పట్టీకి మెత్తని గుడ్డ చుట్టి, సబ్బునీటిలో ముంచి పిండి, వెనుక గాడిలో పైనుంచి అందినంత లోతుకు నడపండి. గుడ్డ నల్లగా వస్తుంది, మార్చి మళ్లీ నడపండి. మీ గాడిలో నూనె ఉంది కనుక ఈ పని ఒక్క విడతలో అవదు, ఓపిక పట్టండి. ముందు గాడి, పై అంచు గాడి కూడా వదలకండి. పెట్రోలు, థిన్నరు వాడితే నూగును పట్టి ఉంచిన జిగురు ఊడిపోతుంది. ఇనుప స్క్రూడ్రైవరు మొనతో గీకవద్దు. నూగు చిరిగితే రబ్బరు నేరుగా అద్దాన్ని పట్టుకుంటుంది, ఇక దానికి మందు లేదు. పూర్తిగా ఆరాక సిలికాన్ స్ప్రే తీసుకుని, దానితో వచ్చే సన్నని గొట్టాన్ని గాడిలో పెట్టి కొద్దిగా కొట్టండి. అద్దాన్ని చాలాసార్లు పైకీ కిందికీ నడిపితే అది అంతటా పరుచుకుంటుంది. అద్దం మీద పడిన పొరను వెంటనే తుడవండి, లేకపోతే రాత్రి ఎదురు దీపాల వెలుగులో పక్క అద్దం చూడటానికి మసకగా ఉంటుంది. ఆ తలుపుకు త్వరలో రంగు వేయించే ఆలోచన ఉంటే మాత్రం ఈ స్ప్రేను ఇప్పుడే వాడకండి. సిలికాన్ అంటిన చోట రంగు పట్టదు, పెయింటర్లు దీన్ని ఎంత తిట్టుకుంటారో వాళ్లనే అడగండి.

అద్దానికి ఫిల్ము అంటించి ఉంటే దాని అంచులు కూడా చూడండి. అంచు లేచి గాడిలోకి మడిచిపోతే అద్దం మందం పెరిగినట్టే. ఎంత సిలికాన్ కొట్టినా లాభం ఉండదు.

శుభ్రం చేశాక వేగం తిరిగి వచ్చి, వంకర కూడా పోతే పని అయిపోయింది. వేగం కొంత పెరిగినా వంకర మిగిలితే తలుపు విప్పాలి. ఇది మీరు చేసుకోగల పనే, రెండు జాగ్రత్తలు పాటిస్తే. మొదటిది, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి కొన్ని నిమిషాలు ఆగాక పని మొదలుపెట్టండి. తలుపులో పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగు వ్యవస్థకు సంబంధించినవి, వాటిని కదిలించవద్దు. రెండోది, బ్యాటరీ కలిపి ఉన్నప్పుడు రెగ్యులేటర్ దరిదాపుల్లో వేళ్లు ఉంచకండి. పొరపాటున ఎవరైనా స్విచ్చు నొక్కితే మోటారు వేలు అని చూడదు.

లోపలి ప్యానెల్‌ను ఊడదీయడంలో రహస్యం ఏమీ లేదు, దాక్కున్న స్క్రూలను వెతకడమే పని. చేతిపిడి గుంటలో చిన్న మూత కింద ఒకటి, తలుపు తీసే లివరు వెనుక ఒకటి, అంచుల్లో ఇంకొన్ని ఉంటాయి. కొన్ని కార్లలో సైడ్ మిర్రర్ దగ్గరి ముక్కోణపు మూత ముందు తీయాలి. స్క్రూలన్నీ వచ్చాక అంచు చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు మాత్రమే మిగులుతాయి. ప్లాస్టిక్ పనిముట్టును క్లిప్పు పక్కనే దూర్చి, ఒక్కొక్కటే పైకెత్తండి. ఎక్కడైనా అసలు కదలకపోతే బలం ఉపయోగించకండి, ఇంకో స్క్రూ మిగిలి ఉంటుంది. చివరికి ప్యానెల్‌ను పైకి ఎత్తితే కిటికీ అంచు నుంచి విడిపోతుంది. ఒక్కసారిగా లాగవద్దు, వెనుక స్విచ్చు వైర్లు, లివరు కేబుల్ వేలాడుతుంటాయి. ఏ కనెక్టర్ ఎక్కడిదో ఫోనులో ఫొటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తలనొప్పి ఉండదు.

ప్యానెల్ వెనుక తలుపుకు అంటించిన ప్లాస్టిక్ షీటు ఉంటుంది. చాలామంది దీన్ని చింపి పారేస్తారు. అది చేయకండి. వానలో అద్దం మీది నీరు కొంత తలుపు లోపలికి దిగి అడుగున రంధ్రాల గుండా పోతుంది. ఈ షీటు లేకపోతే అదే నీరు ప్యానెల్‌ను, కాళ్ల దగ్గరి కార్పెట్‌ను తడుపుతుంది. కొన్ని కార్లలో పక్క నుంచి దెబ్బ తగిలినప్పుడు తలుపు లోపలి గాలి ఒత్తిడిని పసిగట్టే సెన్సార్ కూడా ఉంటుంది, షీటు సరిగా మూసి ఉంటేనే అది నమ్మకంగా పనిచేస్తుంది. నల్లని జిగురును నెమ్మదిగా సాగదీస్తూ షీటును ఒక పక్కకు మడవండి. జిగురుకు దుమ్ము తగలనివ్వకండి, అదే మళ్లీ అంటుతుంది. విప్పిన పుణ్యానికి తలుపు అడుగు రంధ్రాలు మూసుకుపోలేదని కూడా చూసేయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. అద్దాన్ని స్లైడర్‌కు పట్టి ఉంచే బోల్టులు తలుపు ఇనుప రేకులోని రంధ్రాల గుండా కనిపించాలి. అద్దం ఒక నిర్దిష్టమైన ఎత్తులో ఉంటేనే కనిపిస్తాయి కనుక, స్విచ్చును తాత్కాలికంగా కలిపి, బ్యాటరీ కలిపి, అద్దాన్ని ఆ ఎత్తుకు తెచ్చి మళ్లీ బ్యాటరీ విప్పండి. బోల్టు తల చుట్టూ మార్కరుతో గీత గీయండి, పాత స్థానం గుర్తుండాలి. బోల్టులు వదులు చేసే ముందు ఒకరిని అద్దం పట్టుకోమనండి. బోల్టులు తీసి, అద్దాన్ని మీ రెండు చేతులతో గాడుల్లో పైకీ కిందికీ జరపండి. బరువు తెలుస్తుంది గానీ ఎక్కడా పట్టకూడదు. ఒక చోట పడితే అక్కడ గాడి లోపలికి వంగింది, లేదా రబ్బరు తన చోటు నుంచి ఊడి ముడతపడింది, లేదా గాడిని తలుపుకు పట్టే కింది బోల్టు ఊడింది. తలుపు లోపల చీకట్లో ఉండే ఆ కింది భాగాన్ని టార్చి వేసి చూడండి. పైనుంచి ఎంత శుభ్రం చేసినా చెయ్యి అందని చోటు అదే.

అద్దం చేతులతో హాయిగా జారిందా? అయితే గాడులకు క్షమాపణ చెప్పి రెగ్యులేటర్ వైపు తిరగండి. అద్దాన్ని పూర్తిగా పైకి నెట్టి, బలమైన టేపును బయటి ముఖం నుంచి తలుపు ఫ్రేము మీదుగా లోపలి ముఖానికి రెండు చోట్ల గట్టిగా అంటించండి. పక్క అద్దాలు ఎక్కువగా టెంపర్డ్ గాజుతో చేస్తారు. ముఖం మీద గట్టి దెబ్బ తట్టుకునే ఆ గాజు, అంచు మీద చిన్న పెచ్చు లేస్తే మొత్తం గింజలుగా రాలిపోతుంది. టేపు విషయంలో పిసినారితనం వద్దు.

కేబుల్ రకంలో వంకరకు ఎక్కువగా దొరికే దొంగ స్లైడరే. ప్లాస్టిక్ ఎండకు, వయసుకు పెళుసుబారి, పట్టాను పట్టుకునే పెదవి చిట్లుతుంది. స్లైడర్‌ను వేళ్లతో పక్కకు ఆడించి చూడండి, పట్టా మీద ఊగుతుంటే అరిగిపోయినట్టే. రెండు పట్టాలున్న తలుపులో వెనుక స్లైడర్ ఒక్కటే విరిగితే ముందు మూల లేస్తుంది, వెనుక మూల వేలాడుతుంది. మీ లక్షణానికి గాడి తర్వాత రెండో అనుమానం ఇదే. పట్టాను తలుపుకు బిగించిన నట్లు వదులయ్యాయేమో, పట్టా వంగిందేమో చూడండి. కొన్ని అద్దాలకు బోల్టు రంధ్రం ఉండదు, అడుగున ఒక పట్టీ జిగురుతో అంటించి ఉంటుంది. ఆ జిగురు ఒక చివర వదిలినా అద్దం ఒరుగుతుంది. స్లైడర్ విడిగా దొరికితే అదొక్కటి మార్చవచ్చు. కేబుల్ పోగు ఒక్కటి లేచినా నేనైతే మొత్తం రెగ్యులేటర్ మారుస్తాను. కొత్త తీగను పాత పుల్లీల మీద సరైన బిగువుతో చుట్టడం ఇంట్లో సాధ్యమే గానీ, ఆ తిప్పలు మళ్లీ మళ్లీ పడాల్సి వస్తుంది. ఇనుప పట్టాకు తెల్లని లిథియం గ్రీజు పలుచగా రాయండి, రబ్బరుకు మాత్రం అది తగలకూడదు.

మీ తలుపులో ఉన్నది కత్తెర రకం అయితే ఒక హెచ్చరిక. అద్దం బరువును మోయడానికి దానికి చుట్టలు తిరిగిన గట్టి స్ప్రింగు ఉండవచ్చు. మోటారు గేరే దాన్ని అదుపులో ఉంచుతుంది. రెగ్యులేటర్ ఇనుప చేతులు కదలకుండా ముందే బిగించకుండా మోటారు విప్పితే ఆ ఇనుప చెయ్యి ఒక్కసారిగా విసురుకుంటుంది, వేళ్లు తెగిపోవచ్చు. ఈ రకంలో వంకరకు కారణం తరచుగా చేతుల చివర ఉండే ప్లాస్టిక్ రోలరు అరగడం, లేదా అది తన గాడిలోంచి బయటపడటం. అక్కడిదాకా చూడటం, గ్రీజు పెట్టడం మీ పని. మోటారును రెగ్యులేటర్ నుంచి వేరు చేయడం వర్క్‌షాపుకు వదిలేయండి.

తిరిగి బిగించేటప్పుడు వరస ముఖ్యం, చాలామంది వంకరను తమ చేతులతోనే తిరిగి తెచ్చుకునేది ఇక్కడే. అద్దాన్ని సగంలో ఉంచి బోల్టులు గట్టిగా బిగిస్తే అది ఏ కోణంలో ఉంటే ఆ కోణం శాశ్వతమవుతుంది. బోల్టులను వేళ్లతో మాత్రమే బిగించి, అద్దాన్ని పైకి నడిపి, పై అంచు ఫ్రేములోని గాడిలో ముందూ వెనుకా సమంగా కూర్చునేలా నెట్టండి. అద్దానికి తన చోటు చూపించేది ఫ్రేమే. పాత గీతలతో పోల్చి చూసుకుని, ఆ స్థితిలోనే బిగించండి. పైన ఉన్నప్పుడు బోల్టులు అందకపోతే వాటిని అరబిగువుగా ఉంచి, జాగ్రత్తగా దించి బిగించాలి. మరీ బలంగా తిప్పకండి, బోల్టు కింద ఉన్నది గాజు. ప్యానెల్ పెట్టే ముందే అద్దాన్ని పైకీ కిందికీ నడిపి, పై అంచు ఫ్రేముకు సమాంతరంగా వెళుతోందో లేదో దూరంగా నిలబడి చూడండి.

చుట్టూ ఫ్రేము లేని తలుపులు వేరే జాతి. వాటిలో అద్దం ఎత్తు, వాలు, లోపలికి ఒరిగే కోణం అన్నీ విడివిడిగా సర్దాలి, తేడా వస్తే గాలి శబ్దం, నీటి కారడం మొదలవుతాయి. అలాంటి కారైతే ఈ భాగం అలవాటున్నవారికి అప్పగించడమే మేలు.

వంకర పోయి, అద్దం చేతికి హాయిగా జారుతూ, స్విచ్చుతో మాత్రం ఇంకా నీరసంగా ఉంటే అప్పుడు కరెంటు వంతు. మోటారు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి, అద్దం కదులుతుండగానే వోల్టేజి చూడండి. ఆగి ఉన్నప్పుడు చూస్తే మీటరు అబద్ధం చెబుతుంది, ఎందుకంటే కరెంటు ప్రవహిస్తేనే లోపం కనబడుతుంది. మోటారు 8 ఆంపియర్లు తీసుకుంటోందనుకోండి, దారిలో ఎక్కడో పావు ఓం నిరోధం ఉంటే చాలు, 2 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. బ్యాటరీ దగ్గర 12 ఉన్నా మోటారుకు 10 చేరుతాయి, వేగం ఆ మేరకు పడిపోతుంది. ఆ పావు ఓం సాధారణంగా స్విచ్చు కాంటాక్టుల్లో, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు దగ్గర, లేదా తలుపుకూ బాడీకీ మధ్య ఉండే మడతల రబ్బరు గొట్టంలో దాక్కుంటుంది. తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ గొట్టంలోని వైర్లు వంగుతాయి, కొన్నేళ్లకు లోపలి రాగి పోగులు సగం తెగుతాయి. అద్దం స్విచ్చు నొక్కి ఉంచి తలుపును కొద్దిగా అటూ ఇటూ కదిపితే వేగం మారుతోందా చూడండి. మారితే దొంగ దొరికినట్టే. చాలా కార్లలో పక్క సీటు అద్దం కరెంటు డ్రైవరు దగ్గరి స్విచ్చు గుండా వెళుతుంది, కాబట్టి మీరు వెతికే కాలిన కాంటాక్టు అవతలి తలుపులో ఉన్నా ఆశ్చర్యపోకండి. ఫ్యూజు గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. ఫ్యూజు పోతే అద్దం ఆగిపోతుంది గానీ నెమ్మదించదు. దాని స్థానంలో పెద్ద ఆంపియర్ల ఫ్యూజు వేయమని ఎవరు సలహా ఇచ్చినా వినకండి, వైరు కాలుతుంది.

బ్యాటరీ విప్పారు కనుక ఒక్కసారి నొక్కితే పూర్తిగా మూసుకునే సౌకర్యం ఉంటే అది పనిచేయకపోవచ్చు. దానికి పైన ఎక్కడ, కింద ఎక్కడ అన్నది మళ్లీ నేర్పాలి. చాలా కార్లలో అద్దాన్ని పూర్తిగా దించి స్విచ్చును కొన్ని క్షణాలు పట్టి ఉంచి, పూర్తిగా ఎత్తి మళ్లీ అలాగే పట్టి ఉంచితే సరిపోతుంది. కచ్చితమైన క్రమం మీ కారు పుస్తకంలో ఉంటుంది. దీన్ని వాయిదా వేయకండి. అలా తనంతట తాను మూసుకునే అద్దాలకు చెయ్యి అడ్డొస్తే వెనక్కి తగ్గే రక్షణ ఉంటుంది. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లోనూ అమెరికా భద్రతా ప్రమాణంలోనూ ఆ బలానికి హద్దు 100 న్యూటన్లు, అంటే సుమారు 10 కిలోల బరువు. సందు 200 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య ఉన్నంతసేపూ ఈ హద్దు వర్తిస్తుంది. మోటారు వేగం తగ్గడాన్ని బట్టే చాలా వ్యవస్థలు అడ్డును పసిగడతాయి. అందుకే వంకర అద్దం కొన్ని కార్లలో సగం ఎక్కి తిరిగి దిగిపోతుంది. అది మోటారు చాదస్తం కాదు, గాడిలోని రాపిడిని అది ఎవరి చెయ్యో అనుకుంటోంది.

ఇన్నీ చూశాక, అద్దం చేతికి స్వేచ్ఛగా జారుతూ, మోటారు దగ్గర కదులుతున్నప్పుడు కూడా దాదాపు బ్యాటరీ వోల్టేజే ఉండి, అయినా నడక మందంగానే ఉంటే మీ మెకానిక్ చెప్పింది నిజమే. లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు అరిగి ఉంటాయి. ఆగిపోయినప్పుడు మోటారు డొక్కు మీద స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తడితే కదలడం కూడా దానికి గుర్తు. అప్పుడు నిశ్చింతగా మార్చండి. కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకువెళ్లండి. ఎడమ, కుడి తలుపుల మోటార్లు చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ అమరిక అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటుంది. కనెక్టర్‌లో పిన్నులు లెక్కపెట్టండి. మామూలు మోటారుకు రెండు ఉంటాయి, చెయ్యి అడ్డొస్తే వెనక్కి తగ్గే రకానికి సాధారణంగా అంతకంటే ఎక్కువ. రెండు పిన్నులది చవకగా దొరికిందని దాని స్థానంలో వేస్తే అద్దం నడవదు. కొన్ని కేబుల్ రెగ్యులేటర్లలో మోటారు తీయగానే డ్రమ్ము మీది తీగ వదులై చిక్కుపడుతుంది. అలాంటివాటికి మోటారు, రెగ్యులేటర్ కలిపి ఒకే సెట్టుగా కొనడం నయం. స్లైడర్ కూడా ఎలాగూ కొత్తది వచ్చేస్తుంది.